నవ్వు ఎవరిది? ఎవరి మీద?

దొర అనే మాట మనకు రెండు తీర్ల ఎరుక. ఓడెక్కి వచ్చినోడు తెల్లదొర. గడిల కూసున్నోడు ఊరి దొర. ఇద్దరికీ మాట ఒక్కటే ఎందుకయింది? పని ఒక్కటే గనుక. తెల్లదొర నిజాంను తన నమ్మకమైన మిత్రుడని బిరుదిచ్చి మెచ్చుకున్నడు. నిజాం నీడల దేశ్‌ముఖులు, జాగీర్దార్లు బలిసిండ్రు. వాళ్ళ గడి ముందు నుంచి పోయేటప్పుడు మన తాతలు చెప్పులు చేతుల పట్టుకున్నరు. "నీ బాంచెన్ కాల్మొక్త" అన్నరు. గడి ముందట ఏడ్సుడు ఉండె, మొక్కుడు ఉండె. నవ్వుడు మాత్రం లేకుండె. దొరను చూసి నవ్వినోని వీపు దక్కకపోయేది.

గందుకే మేము ఇయ్యాల నవ్వు గురించి రాస్తున్నం. నవ్వు చిన్న ముచ్చట కాదు. ఎవని మీద నవ్వచ్చునో, ఎవని మీద నవ్వగూడదో తేల్చేటోడే ఊరిని ఏలేటోడు.

తెల్లదొరల దేశంల 1949ల ఒక సినిమా వచ్చింది. పేరు కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్. తీసినాయన రాబర్ట్ హేమర్. కథ వినుండ్రి. ఒక పెద్ద డ్యూక్ ఖాందాన్‌ల పుట్టిన ఆడబిడ్డ ఒక పాటగాన్ని మనువాడుతది. ఖాందాన్ ఆమెను వెలేస్తది. ఆమె పేదరికంల బతికి సచ్చిపోతది. మా పెద్దల పక్కన బొంద పెట్టుండ్రి అన్న ఆఖరి కోరికను గూడ కాదంటరు. బట్టల దుకాణంల పనిచేసే ఆమె కొడుకు పగబడతడు. తనకు, గద్దెకు నడుమ ఉన్న దొరల అడ్డం ఒక్కొక్కరిగ తొలగించుకుంట పోతడు. ఇదంతా నవ్వించుకుంట చూపిస్తరు.

ఆ దొరలందరి వేషం ఒక్కడే కట్టిండు, అలెక్ గిన్నిస్ అనే నటుడు. బ్యాంకు దొర ఆయనే, చర్చి పాదిరి ఆయనే, మిలట్రీ జనరల్ ఆయనే, ఆఖరికి దొరసాని గూడ ఆయనే. ఓడల సేనాధిపతి తప్పు ఆర్డరిస్తడు, తప్పని ఒప్పుకోడు, సలాం కొట్టుకుంట ఓడతోపాటు నీళ్ళల్ల మునుగుతడు. చూసేటోడు పొట్ట పట్టుకొని నవ్వుతడు. ఆ నవ్వుల ఒక నిజమున్నది: గుడిల ఉన్నా, బ్యాంకుల ఉన్నా, పటాలంల ఉన్నా దొర ముఖం ఒక్కటే.

ఇగ మన తెలుగు సినిమా దిక్కు చూద్దాం. 1938ల మాలపిల్ల, 1939ల రైతుబిడ్డ వచ్చినయి. రెండూ గూడవల్లి రామబ్రహ్మం తీసినయే. రైతుబిడ్డ జమీందార్ల మీద తీసిన సినిమా. కొందరు జమీందార్లు భగ్గుమన్నరు. అయితే ఆ సినిమాకు పైసలు పెట్టిన సారథి సంస్థ వెనుక ఉన్నది గూడ చల్లపల్లి జమీందారే. దొర మీద సినిమా తియ్యాల్నన్నా దొర మూటె విప్పాలె. ఇదీ మన కథ మొదలు.

తెలంగాణ దొరను ఉన్నదున్నట్టు చూపినయి లేవా? ఉన్నయి. 1979ల మాభూమి, 1988ల బి. నర్సింగరావు తీసిన దాసి. గడిల ఆడబిడ్డ బతుకెట్ల నలిగిందో దాసి చూపింది. అర్చనకు జాతీయ అవార్డు తెచ్చింది. మేము వాటికి దండం పెడతం. గని అవి మన కన్నీళ్ళ సినిమాలు, కోపం సినిమాలు. దొరను చూసి నవ్వే సినిమాలు కావు.

మరి నవ్వులన్నీ ఎటు పోయినయి? మన మీదికి వచ్చినయి. పాలేరు వస్తే నవ్వు. చాకలి, మంగలి వస్తే నవ్వు. నల్లగ ఉన్న పిల్ల వస్తే నవ్వు. మన యాస అయితే విలన్ నోట్లె, జోకర్ నోట్లె పెట్టిండ్రు. 1985ల ప్రతిఘటనల కోట శ్రీనివాసరావు దుర్మార్గపు నాయకునిగ మాట్లాడింది మన యాసనే. హీరో మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడాలె. ఇరవై, ముప్పై ఏండ్లు గిదే నడిచింది.

అటు దొరకేమో గౌరవం. చుండూరుల 1991 ఆగస్టు 6న దళితులను వెంటాడి నరికి, శవాలను గోనె సంచులల్ల కుక్కి కాల్వల పారేసిండ్రు. దాదాపు నాలుగేండ్లకు, 1995ల పెదరాయుడు వచ్చింది. ఊరి పెద్దమనిషి పంచాయితి చేస్తడు, తీర్పు చెప్తడు, వెలేస్తడు. ఊరంతా చేతులు కట్టుకొని నిలబడతది. థియేటరంతా చప్పట్లు. మన వాడ పోరలు గూడ ఈలలేసిండ్రు. వెలేసుడు అంటే ఏందో మనకంటె ఎవరికెరుక? చుండూరు కేసుల ముద్దాయిలకు 2007ల పడ్డ శిక్షలను 2014ల హైకోర్టు కొట్టేసింది. తీర్పులు ఎవరి దిక్కు మొగ్గుతయో చూసిండ్రా?

ఇప్పుడు యాస మారింది గదా అంటరు. నిజమే. 2017ల ఫిదా, 2023ల బలగం మన మాటను నెత్తికెత్తుకున్నయి. సంతోషమే. గని గడి సంగతేంది? 2019ల దొరసాని వచ్చింది. గడి అండ్ల ప్రేమ కథకు అందమైన తావు అయింది. గడి గోడలకు సున్నమేస్తె అండ్ల ఇంకిన నెత్తురు పోతదా?

ఇంగ్లండు సినిమా పేదింటి అల్లునితో నవ్వించింది. మన దగ్గర పేదింటి అల్లునికి ఏమయిందో 2018ల మిర్యాలగూడ చెప్పింది. అక్కడ వెలేసిన ఖాందాన్ నవ్వులపాలయింది. ఇక్కడ కిరాయి హంతకుల చేత దళిత అల్లుని నరికిచ్చిండ్రు. అటెనుక ఆ చంపిచ్చినోన్నే తండ్రి ప్రేమ అని మెచ్చుకున్నోళ్ళు ఉన్నరు.

అయితే ఆ తెల్లోళ్ళ సినిమాను మేము నెత్తిన పెట్టుకోం. అండ్ల రెండు తప్పులున్నయి. ఒకటి, నల్లజాతిని తిట్టే మాట అండ్ల ఉన్నది. అమెరికాల ఆడించేటప్పుడు దాన్ని మార్చిండ్రు. దొరను చూసి నవ్వేటోడు గూడ తన కింద ఇంకొకన్ని చూసి నవ్విండు. రెండోది పెద్దది. ఆ పిలగాడు దొరతనాన్ని కూలగొట్టలేదు. తనే దొర అయి కూసున్నడు. గద్దె గద్దెలెక్కనే ఉన్నది, కూసున్నోడు మారిండు. ఇది మనకు ఎరుక లేని కథనా? మన ఓట్లతోని పైకి పోయి, మన వాడకే కారు అద్దం దించనోళ్ళను చూస్తలేమా? చంపుడు మన బాట కాదు, గద్దెల కూసునుడు మన గమ్యం కాదు. గడి కూలాలె, అండ్ల కిరాయికి దిగుడు కాదు.

దొరను చూసి నవ్వుడు మనకు ఇంగ్లండు నేర్పాల్నా? మన పిట్టలదొర లేడా? ఖాకీ బట్టలు, నెత్తిన టోపి, చేతుల కట్టె తుపాకి. మాకింత ఆస్తి ఉన్నది, అంత ఫౌజు ఉన్నదని కోతలు కోసి కోసి, ఆఖరికి పిడికెడు బియ్యానికి చెయ్యి చాపుతడు. తెల్లదొర దర్జాను, పోలీసు దర్జాను, గడి దర్జాను ఒక్క వేషంతోని గాలి తీసిండు. కెమెరా లేకుండ, టికెట్ లేకుండ. ఇల్లిల్లు తిరిగి అడుక్కునే సంచార కులపోల్లు చేసిన పని అది. కోట్లు పెట్టిన సినిమా చెయ్యలేకపోయింది.

అక్కలారా, అన్నలారా! సంఘాలల్ల పనిచేసే తమ్ముల్లారా! ఇకనుంచి సినిమా చూస్తె మూడు మాటలు అడుగుండ్రి. నవ్వుతున్నదెవరు? ఎవని మీద నవ్వుతున్నరు? ఆ నవ్వుతోని ఎవనికి లాభం? మన మీద నవ్వే సీనుకు మన నోటినుంచి నవ్వు రావద్దు. ఏప్రిల్ 14న వాడల మైకు పెట్టి ఊకె ఉపన్యాసాలే కాదు, ఒక నాటిక గూడ కట్టుండ్రి. పిట్టలదొరను పిలువుండ్రి, కడుపునిండ బువ్వ పెట్టి, ఇయ్యాల్సిన పైసలిచ్చి ఆడిపియ్యుండ్రి. ఈ కాలపు దొర వేషం వాని చేత కట్టియ్యుండ్రి. కాంట్రాక్టు దొర, కాలేజీ దొర, అసెంబ్లీ దొర, అందరి ముఖం ఒక్కటే అని పోరగాండ్లకు తెల్వాలె.

పాలకుర్తి ఐలమ్మ విసునూరు దొరకు ఎదురు నిలబడి తన పంట తాను ఇంటికి తెచ్చుకున్నది. అంతకన్న ముందు ఆమె చేసిన పని ఒకటున్నది: భయపడుడు బందు వెట్టింది. భయం పోయిన కాడ నవ్వు పుడతది. ఆ నవ్వు మనదే. దాన్ని మన ఇంటికి మనమే తెచ్చుకుందాం.

జై భీమ్!