గేమ్‌కి ఎస్‌ఎస్‌డీ, జ్ఞాపకాలకి రెండు కాపీలు

నైట్ షిఫ్ట్ దిగాక ఓ గంట గేమ్ ఆడదామంటే లోడింగ్‌కే సగం టైం పోతోందని మా రూమ్ తమ్ముడు కొత్త కంప్యూటర్ కొంటానన్నాడు. "ఆగరా, ఆ యూరోలు ఇంటికి పంపు" అన్నా.

తప్పు కంప్యూటర్‌ది కాదు, పాత హార్డ్‌డిస్క్‌ది. అది సెకనుకు 150-200 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాటుతుంది. సైబర్‌పంక్ 2077కి అయితే 2023 నుంచి ఎస్‌ఎస్‌డీ ఉండాల్సిందే. ఒక ఎస్‌ఎస్‌డీ కొని విండోస్, ఇప్పుడు ఆడే గేమ్‌లు అందులో వేసుకోండి. లోడింగ్ తగ్గుతుంది. ఫ్రేమ్‌లు మాత్రం పెద్దగా పెరగవు, అది గ్రాఫిక్స్ కార్డ్ పని. సినిమాలు, పక్కన పెట్టిన గేమ్‌లకి పాత డిస్క్ చాలు.

జర్మనీలో షాపు నుంచి ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు. ఎవరి దగ్గరో సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఆ హక్కు ఉండదు.

ఇంకో మాట. నేను నాన్న వీడియోలన్నీ ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉంచా. ఓ రోజు టకటకమని ఆగిపోయింది. నాన్న ఇప్పుడు లేడు. గేమ్ పోతే మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది, ఆ గొంతు అవ్వదు. అందుకే ఇంటి ఫొటోలు, వీడియోలు ఇంకో బయటి డిస్క్‌లోకి కూడా తీసి విడిగా దాచండి. ఆదివారం ఎలాగూ షాపులు మూసేస్తారు కదా, కూర్చుని ఆ పని చేసేయండి.