పిల్లల రక్షణ భారం పేదల కాగితాల మీదనా?

పసిపిల్లల చేతికి వచ్చిన ఫోను వెంట జూదమూ, అశ్లీలమూ, ద్వేషమూ ఇంట్లోకి వస్తున్నాయి. వాటికి అడ్డుకట్ట వేయాలనడంలో భిన్నాభిప్రాయం లేదు. మనకైతే అసలే లేదు. 2021 జులైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’ యాప్‌లలో ముస్లిం మహిళల ఫొటోలను వేలానికి పెట్టిన అవమానాన్ని మనం మరువలేదు. అయితే ఆ కట్ట బరువు ఎవరి నెత్తిన పడుతున్నదన్నదే ప్రశ్న.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. 18 ఏళ్లు నిండని వారందరూ ఈ చట్టం దృష్టిలో బాలలే. కొన్ని మినహాయింపులు పోగా, వారి వివరాలు తీసుకునే ముందు ప్రతి యాపూ తల్లి లేదా తండ్రి సమ్మతిని ధ్రువీకరించుకోవాలి. ఈ షరతు 2027 మే నెలలో అమలులోకి వస్తుంది. సమ్మతి ఇచ్చేవారు పెద్దలేనని తేల్చడానికి కంపెనీ వద్ద ఇప్పటికే ఉన్న వివరాలో, మనం కొత్తగా ఇచ్చే వివరాలో, డిజిలాకర్ వంటి వ్యవస్థ ఇచ్చే టోకెనో ఆధారం కావాలి.

వినడానికి ఇది సులభమే. కానీ ఉద్యోగ జీవితమంతా దరఖాస్తులు పరిశీలించిన గుమాస్తాగా చెబుతున్నాను, మన ఇళ్లలో ఇది సులభం కాదు. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ‘మహమ్మద్’, రేషన్ కార్డులో ‘ఎండీ’, బడి రిజిస్టరులో ‘మొహమ్మద్’. తల్లి పేరు ఒకచోట ‘బేగం’తో, మరోచోట ‘షేక్’తో. ఈ అక్షరాల తేడాకే విద్యార్థుల దరఖాస్తులు తిరిగి రావడం కళ్లారా చూశాను. జనగామలో ఆటో నడిపే తండ్రి, మహబూబాబాద్ మిర్చి చేలలో కూలికి వెళ్లే తల్లి, భూపాలపల్లి గనిలో షిఫ్టుకు దిగే కాంట్రాక్టు కార్మికుడు, వీరి ఇంట్లో ఉన్నది తరచుగా ఒకే ఫోను. ఆధార్‌కు ముడిపడిన నంబరు గల్ఫ్‌లో ఉన్న భర్తదైతే ఓటీపీ అక్కడికి పోతుంది, పాఠం కోసం బిడ్డ ఇక్కడ ఎదురుచూస్తుంది. ఏడేళ్ల పసివాడికీ, మైనారిటీ గురుకులంలో ఇంటర్ చదివే పదిహేడేళ్ల అమ్మాయికీ ఒకే కొలత!

ఇంతా చేసి ఈ నిబంధన ప్రధానంగా పరీక్షించేది సమ్మతిదారు వయసునూ గుర్తింపునూ. బిడ్డతో ఉన్న బంధాన్ని రుజువు చేయమని విడిగా అడగదు. కాగితం సరిగా ఉన్న ఏ పెద్దమనిషైనా తండ్రినని చెప్పి గట్టెక్కవచ్చు. కాగితం సరిగా లేని కన్నతల్లి మాత్రం గడప బయట నిలబడాలి. పైగా పిల్లలెవరో తేల్చాలంటే అందరి వయసూ అడగవలసిందే. పిల్లల పేరిట ఇంటిల్లిపాది వివరాలు కంపెనీల ఖజానాకు చేరతాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ప్రైవేటు కంపెనీలకు ఆధార్ వాడకానికి దారి ఇచ్చిన భాగాన్ని 2018 సెప్టెంబరు 26న కోర్టు కొట్టివేసింది. ఆ వాకిలి మూసి ఇప్పుడు దొడ్డిదారి తెరుస్తారా? ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని మాత్రం ఇదే చట్టంలోని 17వ సెక్షన్ కేంద్రానికి కట్టబెట్టింది.

‘తల్లిదండ్రులకు బాధ్యత లేదా?’ అని కొందరు అడుగుతారు. ఉంది. కానీ పిల్లలను వెంబడించి, వారి అలవాట్లను లెక్కగట్టి, ప్రకటనలు గురిపెట్టేది తల్లిదండ్రులు కాదు, కంపెనీలు. 9వ సెక్షన్ ఆ పనిని నిషేధించింది. పిల్లలకు సంబంధించిన బాధ్యతలను ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. చట్టంలో అసలైన పదును అక్కడుంది. ముందుగా ఆ కత్తిని ఒరలోంచి తీయండి.

మన డిమాండ్లు స్పష్టం. పేరులో అక్షరం తేడా ఉందని తల్లి సమ్మతిని తిరస్కరించరాదు. మీసేవా కేంద్రాల్లో ఉచిత సహాయం అందాలి. సమ్మతి పత్రం షెడ్యూలు భాషల్లో ఇవ్వాలని చట్టమే చెబుతున్నది కనుక తెలుగులో, ఉర్దూలో అది కనబడాలి. సురక్షితమని రుజువు చేసుకున్న సంస్థలకు వయోపరిమితి తగ్గించే వీలు 9వ సెక్షన్‌లోనే ఉంది. చదువు యాప్‌ల విషయంలో దాన్ని వినియోగించాలి.

మనమూ చేతులు కట్టుకుని కూర్చోరాదు. 2027 మే వరకు గడువు ఉంది. ప్రతి మసీదు కమిటీ జుమా తర్వాత ఒక గంట కేటాయించి, చదువుకున్న యువకులను కూర్చోబెట్టి, ఇంటింటి పేర్ల తప్పులు దిద్దించాలి. తల్లి ఆధార్‌కు తల్లి నంబరే ఉండేలా చూడాలి. పోరాటం ఆగదు. అది తేలేలోపు మన బిడ్డ చదువు మాత్రం ఆగకూడదు.