తాను వేసిన గట్టే అడ్డము వచ్చినది

ఐరోపా సమాఖ్యనుండి బ్రిటను వైదొలగిన వృత్తాంతమును మన దేశమున పెక్కుమంది ఒక వినోదముగా చూచిరి. 2019వ సంవత్సరము తొలినెలలలో లండను కామన్సుసభ రాత్రి వెంట రాత్రి ఓట్లు లెక్కించుకొనుచు, తేల్చవలసినది ఒక్కటియు తేల్చలేక, ప్రధానమంత్రి థెరిసా మే గారిని తొలగింపను లేక, ఆమె మాట వినను లేక కొట్టుమిట్టాడుచుండగా, మనకు పరిపాలనావిద్య నేర్పవచ్చినవారి విద్య ఇదియేనా యని ఎగతాళిచేసినవారు కలరు. ఆ ఎగతాళిలో మేము పాలుపంచుకొనజాలము. మా చట్టములు మేమే చేసికొందుమను కోరికను చూచి నవ్వుట, అదే కోరికకై రెండు తరములు చెరసాలలకు పోయిన జాతికి తగదు. ఐనను భేదమొకటి మరువరాదు. బ్రిటనును ఎవ్వరును జయించి సమాఖ్యలో కట్టివేయలేదు. 1963లోను, 1967లోను ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ వలదని తలుపు మూసినను, విడువక తట్టి, 1973 జనవరి 1వ తేదీని తానై లోనికి పోయినది. 1975లో ప్రజల నడుగగా నూటికి 67 మంది ఉందమనిరి. బయటికి పోదలచినవారు పోవుటకు సమాఖ్య నిబంధనలలోనే 50వ అధికరణమను ద్వారము కలదు. తలుపు తీసియున్న ఇంటినుండి వెలుపలికి వచ్చుటకు మూడున్నర యేండ్లకు పైగా ఏల పట్టినది? విచారింపవలసిన విషయమిది.

2016 జూను 23వ తేదీని ప్రజల నడిగిన ప్రశ్న, సమాఖ్యలో ఉండుటయా, విడుచుటయా యని. నూటికి 51.9 మంది విడుతమనిరి, 48.1 మంది ఉందమనిరి. కోటి డెబ్బదినాలుగు లక్షల కొకవైపు, కోటి అరువదియొక్క లక్షల కొకవైపు. ఇంగ్లండు, వేల్సులు విడుతమనినవి. స్కాట్లండున నూటికి 62 మందియు, ఉత్తర ఐర్లండున దాదాపు 56 మందియు ఉందమనిరి. ఇంతవరకు స్పష్టమే. విడిచి ఎచ్చటికి పోవలెననునది మాత్రము ఆ కాగితముపై లేదు. నార్వేవలె సభ్యత్వము విడిచియు విపణిలో నిలుచుటయా? టర్కీవలె సుంకముల మట్టుకు కలిసియుండుటయా? కెనడావలె దూరముననుండి వ్యాపారపు ఒడంబడిక వ్రాసికొనుటయా? ఏ కాగితమును లేక తెగతెంపులు చేసికొనుటయా? విడుతమన్నవారిలో ఈ నాలుగు దారులవారును ఉండిరి. ప్రతివారును తమ దారియే ప్రజల తీర్పని తరువాత వాదించిరి. ప్రశ్న నడిగించిన కామెరాన్ గారు ఫలితము తెలిసిన ఉదయముననే రాజీనామా ప్రకటించి తమవంతు ముగించుకొనిరి.

ఆ ద్వీపముననే ఇంతకన్న బాధ్యతగల మార్గము రెండేండ్లకు ముందు కనబడినది. 2014లో స్వాతంత్ర్యము విషయమై స్కాట్లండు ప్రజలు ఓటు వేయుటకు పూర్వమే, వేరుపడినచో నాణెమేమి, సైన్యమేమి, ఫించనులేమి యని వివరించుచు అచ్చటి ప్రభుత్వము ఆరువందల పుటలకు మించిన గ్రంథము ప్రకటించెను. అందలి లెక్కలు ప్రజలకు నచ్చలేదు, కాదనిరి. కాని ఏమి కాదనుచున్నారో తెలిసి కాదనిరి. మన పెద్దలు సయితము 1928లోనే నెహ్రూ సంఘముచేత రాజ్యాంగపు చిత్తు వ్రాయించిరి. 1946 డిసెంబరు 9వ తేదీని, అధికారము చేతికి రాకమునుపే, రాజ్యాంగసభ కూర్చున్నది.

మన జిల్లాలలో ఆస్తిపాస్తులు కలవారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. మితాక్షరన్యాయము ననుసరించి ఉమ్మడి కుటుంబమున నొక పాలివాడు తాను వేరుపడితినని నిస్సందేహముగా తెలియజేసిన క్షణముననే విభక్తుడగును. కాని పొలములు కొలుచుట, గట్లు వేయుట, బావినీటికి వంతులేర్పరచుట, అప్పులు పంచుకొనుట యనునవి వేరు పనులు. వాటికి ఏండ్లు పట్టును, వకీళ్ళు బాగుపడుదురు. మే గారు 2017 మార్చి 29వ తేదీని సమాఖ్యకు వేరుపాటు నోటీసు పంపిరి. ఆ నాటినుండి రెండేండ్ల గడువు. ఏ వాటా కోరవలెనో తమ మంత్రివర్గములోనే ఏకాభిప్రాయము లేకుండ పంపిన నోటీసది. పంపిన మూడు నెలలలోపల, బలము పెంచుకొందుమని ఎన్నికలు పెట్టి, ఉన్న సంఖ్యాబలమును పోగొట్టుకొనిరి. ఆ మీదట ఆమె ప్రభుత్వము నిలిచినది ఉత్తర ఐర్లండుకు చెందిన డెమోక్రాటిక్ యూనియనిస్టు కక్షివారి పదిమంది సభ్యుల ఆసరాతో. వేరుపాటునకు ఐర్లండు గట్టే అడ్డమగునని తెలియుచున్న సమయముననే, ఆ గట్టుకు ఆవలివారితో బంధము ఏమాత్రము పొసగని కక్షి చేతిలోనికి ప్రభుత్వపు ప్రాణము పోయినది.

ఐర్లండు సంగతి తెలుగువారికి పరాయిది కాదు. 1916లో అనిబిసెంటమ్మ మనకు తెచ్చిన హోంరూలు అను మాట అచ్చటిదే. తరువాత మన రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరిగారు డబ్లినులో న్యాయశాస్త్రము చదువుచుండి, ఆ 1916లోనే జరిగిన ఐరిషు తిరుగుబాటు దరిమిలా దొరల అనుమానమునకు పాత్రులై ఆ దేశము విడువవలసివచ్చెను. ఆ తిరుగుబాటు పెరిగి స్వాతంత్ర్యయుద్ధము కాగా, బ్రిటను కనుగొన్న ఉపాయము విభజన. 1920లో చట్టము చేసి 1921లో అమలుపరచిరి. అల్‌స్టర్ రాష్ట్రమున తొమ్మిది జిల్లాలుండగా, బ్రిటనుతో ఉండగోరు ప్రొటెస్టెంటులకు సంఖ్యాధిక్యము చెడకుండునట్లు ఆరింటిని మాత్రమే ఏరి ఉత్తర ఐర్లండనిరి. ఆ ద్వీపమునకెల్ల ఉత్తరపుకొన డోనెగాల్ జిల్లాలో ఉన్నది. ఆ జిల్లా మాత్రము దక్షిణరాజ్యమునకు చెందినది! హద్దును సవరింతుమని నియమించిన సంఘము 1925లో ఏమియు చేయకయే ముగిసినది. దాదాపు ఐదువందల కిలోమీటర్ల ఆ గీత పొలములను, బాటలను, వాగులను కోయుచు పోవును. దానిని దాటు బాటలు రెండువందలకు పైగా ఉన్నవి. సిరిల్ రాడ్‌క్లిఫ్ దొర, అంతకుముందెన్నడును మన దేశమును చూడనివాడు, 1947 జూలై 8వ తేదీని వచ్చి ఐదు వారములలో పంజాబును, వంగదేశమును కోసిపోయిన సంగతి తెలిసినవారికి ఈ గీతను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు.

1923లో ఆ గీతపై సుంకపు చౌకీలు వెలసినవి. 1960వ దశాబ్దము చివర మొదలై ముప్పది యేండ్లు సాగిన రక్తపాతమున మూడున్నర వేలమందికి పైగా చనిపోయిరి. సుంకపు చౌకీలు 1993లో ఐరోపా ఏకవిపణి ఏర్పడినప్పుడు పోయినవి. సైనికుల కావలి 1998 ఏప్రిలు 10వ తేదీనాటి గుడ్ ఫ్రైడే ఒడంబడిక తరువాత క్రమముగా పోయినది. ఈ రెండవది రాజకీయజ్ఞుల ఘనతయని అందరును ఒప్పుదురు. మొదటిది మాత్రము రెండు రాజ్యములును ఒకే సమాఖ్యలో నుండుటవలన, ఎవరును గమనింపకయే కలిగిన మేలు. గీత పటముమీద మిగిలినది, నేలమీద మాసిపోయినది. బెల్ఫాస్టువాడు తాను బ్రిటిషువాడ ననుకొన్నను, ఐరిషువాడ ననుకొన్నను అడ్డులేని స్థితి యేర్పడినది. దానిమీదనే శాంతి నిలిచినది.

బ్రిటను సమాఖ్యను వీడిన మరునాడు ఆ గీత రెండు సుంకరాజ్యముల నడిమి పొలిమేర యగును. బండిలో పోవు పాలకు, పశువునకు, యంత్రమునకు ఎచ్చటనో ఒకచోట తనిఖీ జరుగక తప్పదు. బ్రిటిషు ప్రభుత్వము మూడు మాటలిచ్చినది. ఐర్లండు గీతపై చౌకీ పెట్టమనినది. ఉత్తర ఐర్లండునకును, తక్కిన బ్రిటనుకును నడుమ సముద్రముమీద చౌకీ పెట్టమనినది. రాజ్యమంతయు సమాఖ్య సుంకములనుండి, విపణినుండి పూర్తిగా వెలుపలికి వచ్చుననినది. ఇందులో ఏ రెండైనను కలిసి నిలుచును. మూడును కలిసి నిలువవు. 2016 ప్రచారమున ఈ సంగతిని విడుతమన్న నాయకులు కొట్టివేసిరి. ఉందమన్న నాయకులు గట్టిగా పట్టించుకొనలేదు. మా దృష్టిలో పార్లమెంటును పట్టి పీడించిన ప్రతిష్టంభనమునకు మూలము సభ్యుల తెలివితక్కువ కాదు, ఈ మూడు మాటలు.

మే గారు మూడవ మాటను మెల్లగా సడలించిరి. వేరొక ఏర్పాటు కుదురువరకు బ్రిటను అంతయు సమాఖ్యతో ఒకే సుంకముల క్రింద ఉండునట్లు ఆపద్ధర్మముగా ఒక షరతు వ్రాసికొనివచ్చిరి. దానికి బ్యాక్‌స్టాప్ అని పేరు. దానినుండి మనంతట మనము తప్పుకొనజాలమే, ఇది వేరుపాటా, దాస్యమా యని ఆమె పక్షమువారే తిరుగబడిరి. 2019 జనవరి 15వ తేదీని 432 ఓట్లు వ్యతిరేకముగాను, 202 అనుకూలముగాను వచ్చినవి. ఆధునిక కాలమున ఏ బ్రిటిషు ప్రభుత్వమునకును ఇంత పరాజయము కలిగియుండలేదు. మార్చి 12వ తేదీని 149 ఓట్లతోను, మార్చి 29వ తేదీని 58 ఓట్లతోను మరల ఓటమి. నడుమ, ఒకే ప్రతిపాదనను ఒకే సమావేశమున మరల మరల తేరాదని 1604 నాటి సంప్రదాయమును తవ్వితీసి స్పీకరు బెర్కోగారు అడ్డుచెప్పిరి. నాలుగు శతాబ్దముల నాటి నియమమును జ్ఞప్తియందుంచుకొన్న సభను మేము ఎగతాళిచేయము.

సభవారే దారి వెదుకుదుమని మార్చి 27వ తేదీని ఎనిమిది ప్రతిపాదనలను ఓటునకు పెట్టిరి. ఎనిమిదియు వీగిపోయినవి. ఏప్రిలు 1వ తేదీని నాలుగింటిని పెట్టిరి. అవియు వీగిపోయినవి. ఇందు సుంకముల మట్టుకు సమాఖ్యతో కలిసియుందమను ప్రతిపాదన 273కు 276 ఓట్లతో, అనగా మూడే ఓట్లతో పోయినది. ఆ సభలో సిన్‌ఫెయిన్ కక్షివారివి ఏడు స్థానములు ఖాళీగా ఉండెను. ఇంగ్లండు రాజునకు విధేయతాప్రమాణము చేయమని నూరేండ్లుగా వారు గెలిచియు సభలో కూర్చుండరు. 1923 ప్రాంతమున శాసనసభాప్రవేశమును గూర్చి మన కాంగ్రెసులో జరిగిన వాదము ఎరిగినవారికి ఆ నిష్ఠ విలువ తెలియును. ఆ రాత్రి వారు కూర్చుండి ఓటు వేసియుండినచో ఏమగునో యను ఊహ మాత్రము మమ్ము విడువదు. ఐర్లండు భాగ్యము లండనులో మూడు ఓట్లపై తూగినది. ఏడుగురు ఐరిషు ప్రతినిధులు లోనికి పోలేదు.

తరువాతి కథ అందరెరిగినదే. మే గారు తప్పుకొనిరి, బోరిస్ జాన్సన్‌గారు వచ్చిరి. ఐదు వారములపాటు పార్లమెంటును మూయించిరి. అది చెల్లదని 2019 సెప్టెంబరు 24వ తేదీని ఉన్నత న్యాయస్థానమున పదునొకండుగురు న్యాయాధిపతులు ఏకకంఠముగా తీర్పు చెప్పిరి. పిమ్మట జాన్సన్‌గారు ఐర్లండు ప్రధాని వరద్కర్‌గారితో మాటలాడి (ఈయన తండ్రి బొంబాయినుండి పోయిన వైద్యుడు) రెండవ మాటను తీసి అవతల పారవేసిరి. సముద్రముమీద గీత ఏ బ్రిటిషు ప్రభుత్వమును ఒప్పరానిదని 2018 నవంబరులో యూనియనిస్టుల మహాసభకు పోయి, వారి కరతాళధ్వనుల నడుమ చెప్పివచ్చినవారు ఆయనయే. పదునొకండు నెలలకు ఆ గీతకు తామే ఒప్పుకొనిరి. డిసెంబరు 12వ తేదీ ఎన్నికలలో 80 స్థానముల ఆధిక్యముతో గెలిచి, 2020 జనవరి 31వ తేదీని బ్రిటనును సమాఖ్యనుండి వెలుపలికి తెచ్చిరి. ప్రతిష్టంభనము తీరినదని లండను పత్రికలు సంతసించినవి.

తీరలేదు. థేమ్సు ఒడ్డుననుండి లేచి బెల్ఫాస్టుకు పోయినది. స్కాట్లండునుండి వచ్చు సరకునకు లార్న్ రేవున తనిఖీ ఏర్పడగా, తమ్మును సొంత రాజ్యమే గట్టుకు ఆవల విడిచినదని యూనియనిస్టులు రగిలిరి. వారే 2016లో విడుతమనిరి, మే గారి ఒడంబడికను మూడుమారులును ఓడించిరి. ఆ తప్పు వారిదే. కాని ఇచ్చిన మాట తప్పబడినవారి బాధ వారి తప్పువలన అబద్ధము కాదు. 2022 ఫిబ్రవరిలో వారి ముఖ్యమంత్రి రాజీనామా చేసిరి. 2024 ఫిబ్రవరి వరకు, రెండేండ్లు, ఉత్తర ఐర్లండునకు పాలకవర్గమే లేదు. ఆస్పత్రులలో వరుసలు పెరిగినవి, ఉపాధ్యాయులు జీతములకై సమ్మెచేసిరి. 2023లో సునాక్‌గారు విండ్సరులో కుదిర్చిన ఒప్పందము తనిఖీలను కొంత సడలించినది గాని గీతను తుడువలేదు.

సముద్రముమీది గీతకు అచ్చటి ప్రజల సమ్మతి కావలెనని ఒడంబడికలోనే నియమమున్నది. ఆ సమ్మతిని మొదట కోరినది గీత అమలైన నాలుగేండ్లకు, 2024 డిసెంబరు 10వ తేదీని. బెల్ఫాస్టు శాసనసభలో 48 మంది ఔననిరి, 36 మంది కాదనిరి. ఔనన్నవారిలో యూనియనిస్టు ఒక్కడును లేడు. రెండు వర్గములును కలిసి ఒప్పియుండినచో ఎనిమిదేండ్లవరకు మరల అడుగ నక్కరలేకుండెడిది. ఒక వర్గమువారే ఒప్పుటచేత గడువు నాలుగేండ్లకు తగ్గినది. 2028లో ఆ సభ మరల ఓటు వేయవలెను.