ఆవు వ్యాసము దాటి

ఆవు వ్యాసమును వల్లించిన విద్యార్థి కథ తెలుగునాట ఎరుగని వారు అరుదు. పరీక్షలో కొబ్బరిచెట్టును గూర్చి వ్రాయుమనగా, ఆ చెట్టుకు ఆవును కట్టివేయుదురని ఒక వాక్యము వ్రాసి, తక్కిన పత్రమంతయు ఆవును గూర్చియే నింపినాడట. ఈ కథ చెప్పి నవ్వని ఉపాధ్యాయుడు లేడు. కాని ఆ బాలుడు సోమరి కాడు. వ్యాసమంతయు తప్పులేకుండ అప్పజెప్పగల ధారణ గలవాడు. చిత్రమేమనగా, ఆ పత్రమంతటిలో అతని సొంత వాక్యము చెట్టుకు ఆవును కట్టిన ఆ ఒక్కటియే. ఎదురుచూడని చిక్కు వచ్చిపడినప్పుడు అతని బుద్ధి కదలినది. తక్కినదంతయు ఇతరులది.

పాఠశాలలలో వ్యాసరచన నేటికిని చాలవరకు ఈ తీరుననే సాగుచున్నది. గ్రంథాలయముల వలన లాభములు, క్రమశిక్షణ, సమయపాలన అను శీర్షికలు నల్లబల్ల నెక్కుచున్నవి. వాటి క్రింది వాక్యములును అక్కడనే వెలయుచున్నవి. పిల్లలు వాటిని పుస్తకములలోనికి దించుకొనుచున్నారు. దీనికి విసిగి, “మీ యిష్టము వచ్చినది వ్రాయుడు” అను ఉపాధ్యాయులును గలరు. వారి ఉద్దేశము మంచిదే. అయినను అంత విశాలమైన స్వేచ్ఛ యెదుట పసివాడు కలము కొన కొరుకుచు కూర్చుండును. అతనికి కావలసినది బయలు కాదు, దాటుటకొక చిన్న గట్టు.

ఆ గట్టును తెలుగు సాహిత్యము ఏనాడో కట్టియుంచినది. సమస్య యనగా చిక్కు. కవికి పూరింపుమని యిచ్చెడి పద్యపాదమును సమస్యయే. అసంగతముగా తోచు పాదమును ఇచ్చి, దానికి సంగతి కుదుర్చుమనుట అందలి వినోదము. పొత్తులేని నాలుగు మాటలిచ్చి వాటిని ఒక పద్యమున ఇముడ్చుమనుట దత్తపది. తిరుపతి వేంకటకవులు ఊరూర అవధానములు చేసి ఈ విద్యను జనులకు సన్నిహితము చేసిరి. వారిలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించినవారు. విశ్వనాథ సత్యనారాయణగారు అచ్చట ఆయన శిష్యులు. సమస్యకును బడికిని చుట్టరికము కొత్తది కాదు.

పసిపిల్లలకు ఛందస్సుతో పని లేదు. బావి, గొడుగు, మేక, ఉత్తరము అను నాలుగు మాటలిచ్చి పది వాక్యముల కథ వ్రాయుమన్నచో చాలును. ఒకరి కథలో మేక ఉత్తరమును తినివేయును. మరియొకరి కథలో గొడుగు బావిలో పడును. వేరొకరు బావిలోని కప్పకే ఉత్తరము వ్రాయుదురు. నలుబదిమంది యున్న తరగతిలో నలుబది కథలు పుట్టును. ఒకరిది చూచి మరియొకరు వ్రాయుట అక్కడ తనంతట తానే నిలిచిపోవును. ‘ఆనాడు బడిగంట మ్రోగలేదు’ అని మొదటి వాక్యమిచ్చి కొనసాగింపు మనవచ్చును. 1947లో వెలువడిన చందమామ అనేక సంవత్సరములు నడపిన ఫొటో వ్యాఖ్యల పోటీ ఇట్టిదే. రెండు చిత్రములకు పొత్తు కుదురునట్లు రెండు మూడేసి మాటలు కూర్చుటకు ఇంటిల్లిపాదియు తలలు పట్టుకొనిన రోజులు పెద్దలకు గుర్తుండును.

ఇచ్చుటకంటె పుచ్చుకొనుటలో మెలకువ యెక్కువ కావలయును. పిల్లవాడు కథ తెచ్చి చూపగానే ఎఱ్ఱసిరా కలము తీయరాదు. మొదటి చదువు కథ కొరకు, రెండవ చదువు తప్పుల కొరకు. అమ్మమ్మ అని వ్రాసిన చోట మాతామహి అని దిద్దినచో ఆ ముసలమ్మ కథలో నుండి లేచిపోవును. మార్కులు వేయుటకంటె, వ్రాసినది తరగతిలో బిగ్గరగా చదివించుట మేలు. తోటివారు నవ్విన చోటును, నవ్వని చోటును వినినవాడు తన వాక్యమును తానే దిద్దుకొనును. బహుమతిపై ఆశతో బిడ్డకు బదులు కథ వ్రాసియిచ్చు తల్లిదండ్రులు ఆ బిడ్డకు దక్కవలసిన ఆనందమునే హరించుచున్నారు.

పిల్లల రచనను పెద్దలు గౌరవించినచో ఏమగునో తెలుగువారికి దృష్టాంతము గలదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసునుండి బాల పత్రికను వెలువరించిరి. ముళ్లపూడి వెంకటరమణగారి మొదటి కథ ఆ యేడే అందులో అచ్చయినది. ఆయన జననము 1931; అప్పటికి పదునాలుగేండ్ల బాలుడు. పిల్లవాని నోట పిల్లవాని మాటనే పలికించిన బుడుగు తరువాత ఆ చేతినుండియే వెలువడినది. ప్రతి బాలుడును రమణ కాడు, కానక్కర లేదు. కాని తన మాట విలువ గలదని తెలిసిన బాలుడు తెలుగును పరీక్షతో విడిచిపెట్టడు.

అడిగినంతనే ఏ విషయముపైనైనను వ్యాసము కూర్చియిచ్చు యంత్రములు నేడు చేతి ఫోనులలోనికి వచ్చినవి. ఆవు వ్యాసమును అవి ఏ విద్యార్థికిని తీసిపోకుండ వ్రాయగలవు. తన వీథిలోని మేక తాతగారి ఉత్తరమును తినివేసిన సంగతి మాత్రము ఆ వీథిలోని పిల్లవాడు చెప్పవలసినదే. చెప్పుట అలవడని పిల్లవాడు యంత్రము చెప్పినదానినే తన మాటయని నమ్ముటకు అలవాటు పడును. భయపడవలసినది అందులకు.

పాఠ్యక్రమము బరువైనది, తరగతులు పెద్దవి అను మాట నిజమే. అయినను వారమునకొక పావుగంట దొరకకపోదు. నలుబది కాగితములను దిద్ద నక్కరలేదు. అయిదు చదివించి, తక్కినవి గోడకు దారముపై వ్రేలాడదీసినను చాలును. విద్యార్థులు సైతము ఉపాధ్యాయుల కొరకు వేచియుండ నేల? ఇరువురు స్నేహితులు ఒకరికొకరు నాలుగేసి మాటలిచ్చుకొనవచ్చును. ఉపాధ్యాయులు నల్లబల్లపై నాలుగు మాటలు వ్రాసి, తామును ఒక కాగితము తీసికొని పిల్లల నడుమ కూర్చుందురు గాక.