గొల్లభామను చూచి మందు చల్లుడు

మన సంఘ సభ్యులలో పలువురు చేలో పురుగు కానవచ్చినతోడనే మందునకై పరుగిడుచున్నారు. మందు వలదని మేము చెప్పము. గాని చేలో కదలునదెల్ల పంటకు శత్రువు కాదని మాత్రము మనవి చేయుచున్నాము. గొల్లభామ యిందులకు తగిన దృష్టాంతము.

వంశధార, నాగావళి క్రింది వరిగట్లమీదను, ఉద్దానపు తోటలలోను ఇది ఉన్నను మన కంట బడదు. ఆకుపచ్చనిది పచ్చికలోను, గోధుమవన్నెది ఎండుగడ్డిలోను కలిసిపోవును. దక్షిణ భారతమునందును సింహళమునందును నుండు యొకజాతి, లినేయస్ పండితుడు 1758లో వర్ణించిన గాంగైలస్ గాంగైలోడిస్, అచ్చముగా పుల్లకు వ్రేలాడు ఎండుటాకువలె నుండును. గాలి వీచినపుడు కొమ్మతోపాటు తానును ఊగును.

ఈ మాటు చెడి పిట్టగాని తొండగాని మీదికి వచ్చెనేని, గొల్లభామలలో పెక్కుజాతులు తలయెత్తి, ముంగాళ్లు చాచి, రెక్కలు విప్పి బెదిరించును. విషము లేదు, ఉన్నదెల్ల బెదిరింపే. రాత్రి యెగురునపుడు, మన చెవికందని గబ్బిలపు కూతను రొమ్ముక్రిందనున్న యొకే చెవితో విని తప్పించుకొను జాతులును గలవు. ఈ చెవిని యేగర్, హాయ్ అను శాస్త్రజ్ఞులు 1986లో వెల్లడించిరి.

ఇన్ని రక్షణలున్న జీవికి పిచికారి యెదుట ఏ రక్షణయు లేదు. పక్షి కన్ను మోసపోవును గాని మందు మోసపోదు. కదలక నిలుచుటయే దాని బలము. అచ్చట అదియే దాని చావు.

గొల్లభామ యొక్కటే పంటను కాపాడుననుట అతిశయోక్తి. అది మిడతనే గాక తేనెటీగను, తుదకు తన జాతిదానిని సైతము తినును. గాని మందుజల్లు దానితోపాటు సాలెపురుగును, అక్షింతల పురుగును గూడ చంపును. అవి పోయినచో సుడిదోమకు అడ్డులేదు. మందులు మిత్రకీటకములను చంపగా సుడిదోమ విజృంభించుట చూచియే ఇండొనీషియా ప్రభుత్వము 1986లో వరిపై 57 రకముల మందులను నిషేధించినది.

కావున మందు కొనుటకు ముందు ఉదయమున చేలో నాలుగు మూలలు తిరిగి, పురుగును దాని శత్రువులను గూడ లెక్కింపుడు. పుల్లకు అంటుకొని గట్టిపడిన నురుగువంటి గూడు కనబడెనేని, అది గొల్లభామ గ్రుడ్లసంచి. గట్టు చెక్కునపుడు పుల్లతోసహా ప్రక్కన నుంచుడు. గట్లకు నిప్పు పెట్టకుడు. సంఘములు సైతము మందు అరువిచ్చుటయే సేవ యనుకొనరాదు. పురుగును గుర్తించు నేర్పు సభ్యులకు కలిగించుటయు సేవయే. అప్పుచేసి తెచ్చిన డబ్బాతో మిత్రుని చంపి, మరల అప్పుచేసి శత్రువుతో పోరాడుట యేపాటి వ్యవసాయము?