మృగాలేం పాపం చేశాయి?

పేపరు తెరిస్తే చాలు, ‘మానవ మృగం’ అని శీర్షిక! ఎవడో కట్టుకున్నదాన్ని కిరోసిన్ పోసి చంపితే, అడవిలో తమ మానాన తాము బతికే మృగాలకెందుకండీ ఆ అప్రతిష్ఠ? పులి ఆకలైతే వేటాడుతుంది, తిని పడుకుంటుంది. చచ్చిన లేడి పక్కన నిలబడి ఫొటో తీయించుకోదు.

ఆ ముచ్చట మనిషికే. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో కొరియా అని ఒక సంస్థానం ఉండేది. దాని మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ 1947లో ఒక్క రాత్రిలో మూడు చీతాలను కాల్చారు. వాటి కళేబరాలతో ఆయన దిగిన ఫొటో ఉంది. ఆయనకేమన్నా ఆకలా? మన దేశంలో రుజువున్న ఆఖరి చీతాలు అవే. 1952లో ఆ జాతి ఇక లేదని ప్రభుత్వం ప్రకటించింది. 2022లో నమీబియా నుంచి ఎనిమిదింటిని విమానమెక్కించి తెచ్చి, మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి చేర్చారు. సంతోషమే. కానీ అవి ఆఫ్రికావి. మన ఆసియా రకం ఇరాన్‌లో ఏ కొద్దో మిగిలిందంతే.

అదీగాక, ‘మృగం’ అనేస్తే వాడెవడో అడవిలోంచి ఊడిపడ్డాడనిపిస్తుంది. కాదమ్మా! మన వీధిలోవాడే. ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు, పండక్కి గుమ్మానికి మామిడాకులు కడతాడు. సంపాదకుల్లారా, రేపటినుంచి ‘మనిషి’ అనే వేయండి, అవే పెద్దక్షరాల్లో.