వెనక సీటు వాళ్ల హఖ్ ఎవరు అడగాలి?



జుమా రోజు ఏ మసీదు ముందైనా, ఆదివారం ఏ షాదీఖానా పార్కింగ్‌లోనైనా ఐదు నిమిషాలు నిలబడి కార్లను చూడండి. ముందు అద్దం తళతళ మెరుస్తుంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఆయతుల్ కుర్సీ, లోపల వేలాడే తస్బీహ్, డిక్కీ మీద ‘మాషాఅల్లాహ్’ స్టిక్కర్. వెనక డోరు కిటికీకి మాత్రం పాలిథిన్ కవరు, చుట్టూ ఖాకీ టేపు. కొన్నింటికి అట్టముక్క. ఆ టేపు నిన్న వేసింది కాదు. అంచులు మట్టి పట్టి నల్లబడ్డాయి. దాని మీద ఒక రంజాను, ఒక వానాకాలం గడిచిపోయాయి.

ఈ అలవాటు మనకొక్కరికే ఉందని నేను అనడం లేదు, దేశమంతా ఉంది. కానీ ఇక్కడ నేను మాట్లాడేది మన ఇళ్లతో, కాబట్టి మన సంగతే చెబుతాను.

ముందు అద్దం పగిలితే మూడు రోజుల్లో మార్పించే మనిషి వెనక పక్కద్దాన్ని ఆరు నెలలు టేపుతో నడిపిస్తున్నాడంటే, అది పైసల సమస్య కాదు. ముందు అద్దం వెనక కూర్చునేది తను. ఆ పక్కద్దం దగ్గర కూర్చునేది అమ్మీ, బీవీ, పిల్లలు. వాళ్లు గొడవ చేయరు. అడిగినా “అచ్ఛా, దేఖేంగే” అంటే సరిపోతుంది. మన బండ్లలో వెనక సీటంటే సబర్ చేసే వాళ్ల సీటు. వాళ్ల సబర్‌ను మనం ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా వాడుకుంటున్నాం.

వెనక సీటు మీద ఈ గఫ్లత్ పేదవాళ్లకే పరిమితం కాదు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఖరీదైన కారు. ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారని పోలీసులు చెప్పారు. వెనక కూర్చునే వాళ్లకూ బెల్టు తప్పనిసరి అనే నియమం అప్పటికే ఉంది. ఆ మౌత్ తర్వాతే దేశం దాని గురించి మాట్లాడింది. వెనక సీటు గుర్తుకు రావాలంటే ఎవరో ఒకరు పోవాలా?

ఇప్పుడు బహానాల సంగతికి వస్తాను. ఇవి నేను బంధువుల ఇళ్లలో, గ్యారేజీల్లో, పార్కింగుల్లో వింటూ వస్తున్నవే.

మొదటి బహానా: “చిన్న పగులే కదా భాయ్, చల్‌రా నా.”

ముందు అద్దం, పక్కద్దం ఒకటే సరుకు కాదు. ముందు అద్దం లామినేటెడ్: రెండు గాజు పలకలు, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర. రాయి తగిలి చిన్న మచ్చ పడితే రెజిన్ నింపి ఆపొచ్చు. మన కార్లలో వెనక పక్కద్దాలు ఎక్కువగా టఫెన్డ్ గ్లాసు. గాజును 600 డిగ్రీల సెల్సియస్ పైన వేడి చేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పై పొర బిగుసుకుని, లోపలి గాజు సాగదీసినట్టు ఉంటుంది. ఆ బిగువే దాని తాఖత్. ఆ బిగువు ఉన్న పొర ఒక్కో వైపు మందంలో దాదాపు ఐదో వంతు. దెబ్బ దాన్ని దాటి లోపలికి దిగిందంటే అద్దం మొత్తం ఒక్కసారిగా గింజలు గింజలుగా రాలిపోతుంది. అందుకే టఫెన్డ్ గ్లాసుకు ‘చిన్న పగులు’ అనేదే ఉండదు. ఉంటే గీత ఉంటుంది, లేదా అంచున చిట్లు ఉంటుంది. అది ఉంటే అద్దం ఇంకా పగల్లేదనే అర్థం, పగలదని కాదు. స్పీడ్ బ్రేకర్ మీద కుదుపు, పిల్లాడు డోరు గట్టిగా వేయడం, మే నెల ఎండలో నిలిపిన బండిలో ఏసీ పెట్టడం, వీటిలో ఏదో ఒకటి చాలు. ఆ సమయానికి ఆ అద్దానికి తల ఆనించి నిద్రపోతున్నది ఎవరో మీకు తెలుసు. గింజలు కత్తిలా కోయవు, నిజమే. కానీ కంట్లో పడితే కన్ను కన్నే.

పక్కద్దానికి రెజిన్ నింపి ఇస్తానని ఎవరైనా అంటే సలాం చెప్పి బయటికి రండి. టఫెన్డ్ గ్లాసుకు మరమ్మతు లేదు, మార్చడమే.

రెండో బహానా: “ఫిల్మ్ పట్టుకుని ఉంది కదా.”

ఇది మన ఇళ్లలో ఎక్కువ. పర్దా కోసం వెనక అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయిస్తాం. అద్దం గింజలైపోయినా ఫిల్మ్ వాటిని పట్టుకుని ఉంటుంది. దూరం నుంచి సాలెగూడులా కనిపిస్తుంది, కాబట్టి ‘నిలబడే ఉంది’ అనుకుంటాం. అది అద్దం కాదు, ప్లాస్టిక్‌కు అంటుకున్న గాజు గింజల సంచి. ఒక మోచేయి తగిలితే మొత్తం ఒళ్లో పడుతుంది. కార్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించడాన్ని 2012లోనే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. పక్కద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు పోవాలని మోటారు వాహనాల నియమాలు చెబుతాయి. పర్దా హయాకు సంబంధించిన మాట. పగిలిన గాజును దాచే పనికి దాన్ని వాడకండి.

మూడో బహానా: “వెనక అద్దమే కదా, నడిపేవాడికి అడ్డం కాదు.”

అడ్డమే. లేన్ మారేటప్పుడు, సందులోంచి రోడ్డు మీదికి వచ్చేటప్పుడు భుజం మీదుగా తిరిగి చూసేది ఆ కిటికీలోంచే. అక్కడ అట్టముక్క ఉంటే ఎడమ పక్క వచ్చే స్కూటీ కనబడదు. పాలిథిన్ ఉంటే రాత్రి లైట్లు దాని మీద పరుచుకుని ఏదీ తేలదు. పైగా అది గాలికి టపటపా కొట్టుకుంటుంటే హారన్ వినబడదు. వానొస్తే నీళ్లు సీటు ఫోములోకి, కార్పెట్ కింద వైర్లలోకి దిగుతాయి. వారం తర్వాత బూజు వాసన. దమ్మా ఉన్న పిల్లల్ని అదే సీట్లో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకెళ్తాం!

నాలుగో బహానా కొంచెం బరువైనది: “పైసల్ నహీ.”

నిజంగా చేయి ఆడని వాళ్లున్నారు. నెల కిస్తీ కట్టి, స్కూలు ఫీజు కట్టి, ఏమీ మిగలని ఇళ్లు నాకు తెలుసు. వాళ్ల మీద నా కలం లేవదు. వాళ్లకు నా సలహా ఒక్కటే: మార్చే దాకా ఆ పక్క ఎవరినీ కూర్చోబెట్టకండి. కానీ వలీమాలో ఒక ఐటం పెంచడానికి, సీటు కవర్లకు, కొత్త మ్యూజిక్ సిస్టమ్‌కు డబ్బు దొరికిన ఇంట్లో అద్దానికి దొరకలేదంటే దాన్ని మజ్బూరీ అనరు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా తెలుసుకోండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ అద్దానికి రూపాయి రాదు. సూద్, జూదం అనుమానంతో చాలా మంది అదొక్కటే తీసుకుంటారు. మస్‌అలా ఉలమాలను అడగండి, అందులో నేను తలదూర్చను. కానీ ఆ దారి ఎంచుకున్న వాళ్లు మరమ్మతు పైసలు విడిగా పక్కన పెట్టుకోవడం కూడా ఆ దారిలో భాగమే. కాంప్రిహెన్సివ్ పాలసీ ఉన్నవాళ్లకు మంచి ఖబర్: గాజు భాగాలకు తరుగుదల కోత లేదు. ప్లాస్టిక్, రబ్బరుకు 50 శాతం కోస్తారు, గాజుకు సున్నా. 1500 సీసీ లోపు కారైతే 1000 రూపాయలు, పైదైతే 2000 మీరు భరించాలి. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది మొదటి ఏడాది 20 శాతం, పెరుగుతూ 50 దాకా వెళ్తుంది. కాబట్టి ముందు అద్దం ధర కనుక్కోండి, తర్వాత హిసాబ్ వేసుకోండి. చిన్న కారు చిన్న గ్లాసుకు జేబులోంచి ఇవ్వడమే లాభం కావచ్చు. దొంగలు పగలగొట్టి ఉంటే గాజు ఊడ్చే ముందు ఫోటోలు తీసి, పోలీసులకు చెప్పండి.

ఐదో బహానా చెప్పడానికే నాకు ఇబ్బంది: “అల్లాహ్ మాలిక్ హై.”

బేషక్. కానీ ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న హదీసు మనలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కట్టే పని మనది. టేపు వేసి, మిగతాది అల్లాహ్ మీద వదిలేయడం తవక్కుల్ కాదు. బద్ధకానికి దీన్ పేరు పెట్టడం. కారులో కూర్చున్న ప్రతి జాన్ మనకు అమానత్. ఆ అమానత్ గురించి సవాల్ ఉంటుందని నమ్మేవాళ్లం మనం.

ఇక మన ఉస్తాద్‌లతో రెండు మాటలు. హైదరాబాద్ పుత్లీబౌలిలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఈ హునర్‌లో మన వాళ్లు ఎంతోమంది ఉన్నారు, నాకు గర్వమే. కానీ కొందరు సాదా గాజునో, యాక్రిలిక్ షీటునో కోసి వెనక చిన్న కిటికీకి బిగించేస్తున్నారు. టఫెన్డ్ గ్లాసును తయారయ్యాక కోయలేరు, కోస్తే అక్కడికక్కడే రాలిపోతుంది. కాబట్టి మీ ముందే అద్దాన్ని కోసి బిగిస్తున్నారంటే అది టఫెన్డ్ కాదు. సాదా గాజు పగిలితే బాకుల్లాంటి ముక్కలవుతుంది. ఆ కాసిని రూపాయల కమాయీలో బర్కత్ ఎక్కడిది, ఉస్తాద్? గిరాకీ అడిగినా ‘ఇది నేను చేయను’ అనండి. అలాగే టేపు తీసి, ఫిల్మ్ వెనక దాచి, ‘ఏక్‌దమ్ కండిషన్’ అంటూ బండి అమ్మేవాళ్లు కూడా వినాలి. ఐబ్ దాచి అమ్మడం ఏమిటో, పైన పొడి ధాన్యం, కింద తడి ధాన్యం పెట్టిన వ్యాపారి కిస్సా మీకు మళ్లీ చెప్పాలా?

సరే, ఎప్పుడు మార్చాలి? ఈ శుక్రవారం గుసుల్ చేసి బయల్దేరే ముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. గీత మీద గోరు పెట్టి లాగండి. గోరు తట్టుకుంటే లోతైన గీత, మార్చండి. గోరు జారిపోతే భయం లేదు. అద్దం సగం దించి పై అంచు వేలితో కాదు, కళ్లతో చూడండి. చిట్లు ఉంటే మార్చండి, టఫెన్డ్ గ్లాసుకు అంచే బలహీనమైన చోటు. ఫిల్మ్ వెనక సాలెగూడు కనిపిస్తే ఆ రోజు ఆ పక్క ఎవరినీ కూర్చోబెట్టకండి. డోరు వెనక కదలని చిన్న అద్దాన్ని బొటనవేలితో మెల్లగా నొక్కండి. కదిలితే జిగురు వదిలింది, తీసి మళ్లీ అతికించాలి. తీసేటప్పుడు చిట్లితే కొత్తదే. కొన్ని ఖరీదైన కార్లలో పక్కద్దాలు కూడా లామినేటెడ్ ఉంటాయి. అలాంటి వాటిలో పగులు గీత కనిపించినా, అంచుల్లో తెల్లగా పొర లేచినా మార్చాల్సిందే.

అన్నిటికీ అద్దమే మార్చనక్కర్లేదు, ఇదీ తెలియాలి, లేకపోతే దుకాణంలో మోసపోతాం. అద్దం పైకి రాకపోతే తప్పు మోటారుదో, లోపలి మెషిన్‌దో కావచ్చు. నీళ్లు కారినా, గాలి ఈల వేసినా బీడింగ్ రబ్బరు చూపించండి. అద్దం ఒక పక్కకు ఒరిగితే కింది క్లాంపు చూపించండి.

మార్చేటప్పుడు మీ బండి మోడల్, సంవత్సరం, ఎడమా కుడా చెప్పి తెప్పించండి. అద్దం మూలన ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 2553 నంబరు చూసుకోండి. పాత అద్దం రాలిపోయి ఉంటే డోరు లోపలి అట్ట విప్పించి, వాక్యూమ్‌తో గింజలన్నీ తీయించండి. లేకపోతే అవి కొత్త అద్దాన్ని గీకుతాయి, మెషిన్‌ను పట్టేస్తాయి. జిగురుతో అతికించే అద్దమైతే ఉస్తాద్ చెప్పినంత సేపు బండి కదపకండి, డోర్లు గట్టిగా వేయకండి.

మన ఉర్దూలో అద్దానికి రెండు మాటలున్నాయి: కిటికీకి ఉండేది షీషా, ముఖం చూసుకునేది ఆయినా. తెలుగులో రెంటికీ అద్దమే. ఈ విషయంలో నాకు తెలుగే సరిగ్గా చెప్పినట్టు తోస్తుంది. వెనక కిటికీకి వేసిన ఆ టేపులో మన ఇంట్లో ఎవరి జానుకు ఎంత విలువ ఇస్తున్నామో కనిపిస్తుంది.

బహెనలారా, మీకు ఒక మాట. ఇది జిద్దు చేయాల్సిన చోటు. “అద్దం మార్చేదాకా పిల్లల్ని ఆ పక్క కూర్చోబెట్టను” అనండి. అది బేఅదబీ కాదు, మీ హఖ్. భాయీలారా, వాళ్లు అడిగేదాకా ఆగకండి. రేపే మార్పించండి.

వస్సలామ్.